వెనక జాగాలో షెడ్డు: ఇనుమా, కర్రా?

ఇల్లు కట్టించే విషయంలో మన మాట ఎంతవరకు చెల్లుతుందో ఇంటింటికీ మారుతుంది గాని, ఇంటి వెనక జాగాలో షెడ్డు వేయించడం దగ్గరకొచ్చేసరికి ఆ పని చాలావరకు మన నెత్తినే పడుతుంది. మగవాళ్ళు ఆఫీసుకు వెళ్ళాక వచ్చే పనివాళ్ళతో మాట్లాడేది మనమే. వాళ్ళకి మంచినీళ్ళూ టీలూ అందించేది మనమే. "అమ్మగారూ, ఏ గొట్టం వెయ్యమంటారు?" అని అడిగితే జవాబు చెప్పవలసినదీ మనమే. "నీకేది మంచిదనిపిస్తే అది వెయ్యి నాయనా" అన్నామా, ఆ మాట ఖరీదు తరవాత పదేళ్ళపాటు కట్టుకోవలసి వస్తుంది.

షెడ్డు అంటే కారుకో స్కూటరుకో నీడ మాత్రమే కాదు గదా! ఈ రోజుల్లో ఆ షెడ్డులోనే నాలుగు కుట్టుమిషన్లు పెట్టుకుని జాకెట్లు, డ్రస్సులు కుట్టించే ఆడవాళ్ళున్నారు. పచ్చళ్ళు, జంతికలు, సున్నివుండలు చేయించి ఊళ్ళకు పంపేవాళ్ళున్నారు. చీటీ పాడిన డబ్బో, గాజులు తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బో అందులో పోస్తారు. అటువంటి షెడ్డు మూడో వర్షాకాలానికే కారడం మొదలుపెడితే పోయేది రేకుల ఖర్చొక్కటే కాదు, కుట్టడానికి ఇచ్చినవాళ్ళ పట్టుచీర కూడా తడుస్తుంది.

ఇంతకీ ప్రశ్న ఏమిటంటే, గుంజలు, దూలాలు, వాసాలు ఇనుముతో వేయించాలా, కర్రతో వేయించాలా అని. "ఏది గట్టిది?" అని అడిగితే రెండూ గట్టివే. వందేళ్ళు దాటిన మండువా ఇళ్ళు కర్ర స్తంభాల మీద నిలబడి వున్నాయి. గోదావరి మీద 1900లో రైళ్ళు తిరగడం మొదలైన పాత వంతెన ఇనప దూలాల మీద నిలిచి, 1997 దాకా రైళ్ళను మోసింది. కాబట్టి అడగవలసినది గట్టితనం గురించి కాదు. మీ ఊళ్ళో, మీ పెరట్లో ఆ షెడ్డును ఏది తినేస్తుంది? చెదా? తుప్పా? గాలా? ఎండా? ఈ నాలుగింటిలో మీకు పెద్ద శత్రువు ఎవరో తేల్చుకుంటే సగం జవాబు దొరికినట్టే.

ముందు కర్ర సంగతి చూద్దాం. మన నేలలో కర్రకు మొదటి శత్రువు చెద. చెదపురుగు ఎండనూ పొడిగాలినీ ఓర్చుకోలేదు. అందుకే అది బయటికి కనిపించకుండా మట్టితో సన్నని సొరంగం కట్టుకుని, నేలలోంచి తేమ తెచ్చుకుంటూ పైకి పాకుతుంది. గోడ మీద మట్టి గీతలా కనిపించేది అదే. ఆ గీతను చీపురుతో దులిపేసి ఊరుకుంటే లాభం లేదు, రెండు రోజుల్లో మళ్ళీ కట్టుకుంటుంది. నేలకూ కర్రకూ మధ్య సంబంధం లేకుండా చేయడమే అసలు వైద్యం. కర్ర గుంజను ఎప్పుడూ గోతిలో పాతించకండి. అడుగున సిమెంటు దిమ్మ కట్టించి, అది నేలకన్న కనీసం ఆరు అంగుళాలు, వీలయితే తొమ్మిది అంగుళాలు ఎత్తు వుండేట్టు చూసి, దాని మీద ఇనప పట్టీల జోడు బిగించి, ఆ జోడులో గుంజ నిలబెట్టించాలి. వెనకటివాళ్ళు మండువా స్తంభాల కింద రాతి దిమ్మ పెట్టింది అందం కోసమే అనుకుంటాం. అందం సరే, తేమ స్తంభంలోకి ఎక్కకుండా ఆపింది ఆ రాయే. చెద ఆ రాయి మీదుగా ఎక్కాలన్నా పైన మట్టి గీత కట్టాల్సిందే, అప్పుడు మన కంట పడుతుంది. అంటే వారానికోసారి ఆ దిమ్మల వంక చూసే కళ్ళు కూడా కావాలి.

రెండో సంగతి చేవ. చెట్టు మాను అడ్డంగా కోస్తే నడుమ ముదురు రంగులో కనిపించేది చేవ. చుట్టూ పాలిపోయినట్టు వుండేది తెల్లచెక్క. టేకుకు చెద పట్టదని మనవాళ్ళంటారు. అది చేవకు వర్తించే మాట. చేవలో చెదకు సరిపడని పదార్థాలుంటాయి. తెల్లచెక్కలో ఆ రక్షణ లేదు, అది టేకయినా సరే చెద తినేస్తుంది. లేత వయసులో కొట్టేసిన తోట టేకులో తెల్లచెక్క పాలు ఎక్కువ. అడితికి వెళ్ళినప్పుడు "టేకేనా?" అని అడిగి ఊరుకోకుండా, ముక్క చివరలు చూసి చేవ ఎంతుందో లెక్కకట్టండి. రంగు పూసిన చివరలు చూపిస్తే అనుమానించాల్సిందే. చిన్న ముక్క కోసి చూపించమనండి, మొహమాటం వద్దు. టేకు కొనలేనివాళ్ళకు వేగిస, నల్లమద్ది వంటివి వున్నాయి. మామిడి చెక్క మాత్రం పెట్టెలకూ మేకుల బల్లలకూ సరే గాని, ఎండా వానా తగిలే గుంజకు పనికిరాదు.

పచ్చికర్ర కొనడమూ అంతే ప్రమాదం. పచ్చిగా వున్నప్పుడు నిటారుగా వున్న దూలం, ఆరేకొద్దీ మెలిపడుతుంది, బీటలిస్తుంది. అంతకుముందు బిగించిన బోల్టులు వదులవుతాయి. ఈ బాధ లేనిది పాత ఇళ్ళ కలప. పాత పెంకుటిళ్ళు పడగొట్టినప్పుడు వచ్చిన దూలాలు, గుమ్మాలు అమ్మే దుకాణాలు మన పట్టణాలన్నిటిలోనూ వున్నాయి. దశాబ్దాల తరబడి ఆరిన కర్ర అది, ఇక మెలిపడేదేమీ వుండదు. కాకపోతే పుచ్చు వుందేమో చూసుకోవాలి. సన్నని చిల్లులూ, కిందకు రాలే పిండిలాంటి పొడీ కనిపిస్తే లోపల పురుగు వున్నట్టే. సుత్తితో తట్టి చూడండి. గట్టి కర్ర కంగుమంటుంది, పుచ్చింది డొల్లగా పలుకుతుంది. కొబ్బరికాయ కొనేటప్పుడు తట్టి చూసే మనకి ఇది ఒకరు నేర్పాలా?

కలప ధర ఘనపు అడుగుల్లో చెబుతారు. ఆ లెక్క తెలియక చాలామంది మోసపోతారు. వెడల్పూ మందమూ అంగుళాల్లో, పొడుగు అడుగుల్లో తీసుకుని మూడూ గుణించి 144తో భాగించండి, అంతే. అయిదు అంగుళాల చదరం గుంజ పది అడుగులుంటే, 5ను 5తో, దాన్ని 10తో గుణిస్తే 250. దాన్ని 144తో భాగిస్తే 1.74 ఘనపు అడుగులు. ఆరు గుంజలకు పదిన్నర ఘనపు అడుగులకు కొంచెం తక్కువ. మీ ఊరి అడితిలో ఆ రోజు ధరతో గుణించుకుంటే కర్ర షెడ్డు మీ అందుబాటులో వుందో లేదో ఇంటి దగ్గరే తెలిసిపోతుంది. చాలామందికి ఇక్కడే కర్ర మాట ఆగిపోతుంది. మంచి కలప ఖరీదు అలాంటిది.

అమెరికాలో వున్న పిల్లలు పంపే ఫోటోల్లో కారు గరాజులన్నీ కర్రవే కదా, మనకెందుకు కుదరదని కొందరడుగుతారు. అక్కడ పైన్ జాతి మెత్తని కలప విస్తారంగా పండుతుంది. కొలతలకు కోసి, కొలిమి గదుల్లో ఆరబెట్టి, సిమెంటు మీద ఆనుకునే అడుగు కర్రకు మందు లోపలిదాకా ఎక్కించి అమ్ముతారు. మన వీధి అడితిలో దొరికే కర్రతో దానికి పోలిక లేదు.

ఇక ఇనుము. స్టీలు అనగానే మనకు వంటింట్లో మెరిసే గిన్నెలు గుర్తుకొస్తాయి. షెడ్డుకు వాడే స్టీలు అది కాదు సుమా! గిన్నెల స్టీలులో క్రోమియం, నికెల్ కలుస్తాయి. పైన కంటికి కనిపించని పొర ఏర్పడి తుప్పు రానివ్వదు. షెడ్డుకు వేసే గొట్టాలు, యాంగిళ్ళు మామూలు ఉక్కు, దుకాణంవాళ్ళు ఎమ్మెస్ అంటారు. దానికి తడీ గాలీ కలిసి తగిలితే తుప్పే. చెద ముట్టదు, మెలిపడదు, రెండు రోజుల్లో నిలబెట్టేస్తారు. అందుకే పట్టణాల్లో ఇప్పుడు పది షెడ్లలో తొమ్మిది ఇనప షెడ్లే కనిపిస్తాయి. అయితే వాటిలో ఎన్నింటికి కాళ్ళు సరిగ్గా వున్నాయో ఒక్కసారి వీధిలో నడుస్తూ చూడండి.

నేల దగ్గర జానెడు మేర గుంజ ఉబ్బి, పొరలు పొరలుగా రేగి వుంటుంది. పైనంతా బాగానే వుంటుంది. ఎందుకంటే గొట్టాన్ని తిన్నగా నేలలో పాతి చుట్టూ సిమెంటు పోస్తారు. రోజూ మనం కళ్ళాపి చల్లే నీళ్ళు, వాకిలి కడిగే నీళ్ళు ఆ మొదట్లో నిలబడతాయి. అక్కడ తుప్పు మొదలై అయిదారేళ్ళలో గొట్టాన్ని చుట్టూ కొరికేస్తుంది. కర్రకు చెప్పిన వైద్యమే ఇనుముకూ. సిమెంటు దిమ్మ నేలకన్న ఎత్తుగా వుండాలి, దాని మీద మందపాటి ఇనప పలక, ఆ పలకను దిమ్మలోకి దిగిన బోల్టులు పట్టుకోవాలి, గుంజ ఆ పలక మీద నిలబడాలి. దిమ్మ పైభాగం కొంచెం వాలుగా వుంటే నీళ్ళు జారిపోతాయి. షెడ్డు ఇనుముదైనా కర్రదైనా దాని ఆయుష్షు ఈ మొదటి జానెడులోనే వుంది.

గొట్టం లోపలి సంగతి ఇంకా చిత్రం. పై చివర మూయకుండా వదిలేస్తే వాన నీళ్ళు లోపలికి దిగి అక్కడే నిలుస్తాయి. మనం బయట రంగులు వేసుకుంటూ మురిసిపోతుంటే అది లోపలినుంచి తినుకుంటూ వస్తుంది. తెరిచివున్న ప్రతి చివరకూ ఇనప బిళ్ళ అతికించి మూయించాలి. పనివాడు "అదేం కాదమ్మా, పైన రేకు వస్తుందిగా" అంటాడు. మూయించండి.

గేజి అనే మాట మనని బోల్తా కొట్టిస్తుంది. గేజి అంకె పెరిగేకొద్దీ మందం తగ్గుతుంది. 14 గేజి అంటే ఇంచుమించు 2 మి.మీ., 16 గేజి 1.6 మి.మీ., 18 గేజి 1.2 మి.మీ. "పధ్నాలుగు ఎందుకమ్మా, పద్దెనిమిది వేస్తాను" అంటే ఎక్కువదేదో ఇస్తున్నాడని సంతోషించకండి. మాటతో పనిలేకుండా తేల్చుకునే మార్గం ఒకటుంది, తూకం. గొట్టాలు మామూలుగా 6 మీటర్ల నిడివిలో, అంటే ఇరవై అడుగుల్లో వస్తాయి. రెండంగుళాల చదరపు గొట్టం, అంటే 50 మి.మీ. గొట్టం, 2 మి.మీ. మందమైతే నిడివి ఒక్కటి ఇంచుమించు 18 కిలోలు తూగాలి. 1.6 మి.మీ. అయితే పధ్నాలుగున్నర దగ్గర తూగుతుంది. పాత పేపర్లు అమ్మేటప్పుడు కాటా ముల్లు మీదనుంచి చూపు తిప్పని మనం, వేలకు వేలు పోసి కొనే ఇనుము దగ్గర తూకం ఎందుకు చూడకూడదు? ధర ఎలాగూ కిలోల్లోనే కడతారు కాబట్టి కాటా చీటీ అడిగి పుచ్చుకోండి.

రంగు వేయడంలో జరిగే అన్యాయం వేరు. కొట్టునుంచి వచ్చిన గొట్టానికి నూనె జిడ్డు, నల్లటి పొలుసు వుంటాయి. వాటిని ఎమెరీ కాగితంతో రుద్ది తుడిచి, రెడ్ ఆక్సైడు పూసి, అది ఆరాక ఎనామిలు రెండు పూతలు వేయాలి. జరిగేదేమిటంటే షెడ్డంతా నిలబెట్టి రేకులు కూడా బిగించాక, దుమ్ము మీదే కుంచె తిప్పుతారు. రేకు ఆనుకునే అడ్డగొట్టం పైముఖానికి ఇక జన్మలో రంగు తగలదు. చెమ్మ నిలిచేదేమో సరిగ్గా అక్కడే! రంగు ముందు వేసి, తరవాత రేకు ఎక్కించమని మొదటే చెప్పాలి. అతుకుల దగ్గర రంగు కాలిపోతుంది కాబట్టి అక్కడ మళ్ళీ రుద్ది పూయాలి. ఆ అతుకులు కూడా అక్కడక్కడ చుక్కల్లా పెట్టి వదలకుండా చుట్టూ నిండుగా పట్టించారో లేదో నిచ్చెన తీసేలోపే చూసుకోండి. అన్నట్టు, వెల్డింగు వెలుగు వంక పిల్లల్ని చూడనివ్వకండి. కళ్ళు రాత్రికి ఇసుక పోసినట్టు మండుతాయి.

జి.ఐ. గొట్టం, జి.ఐ. రేకు అంటారే, అది కరిగిన జింకులో ముంచి తీసిన ఉక్కు. జింకు పూత రంగులాంటి ముసుగు మాత్రమే కాదు. గీత పడి లోపలి ఉక్కు బయటపడినా, పక్కనున్న జింకు ముందు తాను కరిగిపోతూ ఉక్కును కాపాడుతుంది. ఇంటి పెద్దకోడలు లాంటిదన్నమాట. అయితే ఎంత జింకు వుంటే అన్నాళ్ళే ఆ కాపుదల. రేకులకు చదరపు మీటరుకు 120 గ్రాములనీ, 275 గ్రాములనీ చెబుతారు, అది రెండువైపులా కలిపి పట్టిన జింకు బరువు. 275 అంటే కూడా ఒక్కో వైపు పూత మందం మిల్లీమీటరులో యాభయ్యో వంతు కన్న కొంచెం తక్కువే! అతికినచోట జింకు కాలిపోతుంది కనుక అక్కడ జింకు కలిసిన రంగు పూయించాలి.

సముద్రం దగ్గర వుండేవాళ్ళు ఈ మాట జాగ్రత్తగా వినాలి. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి ఊళ్ళలో ఒడ్డుకు దగ్గరగా వున్న ఇళ్ళకు ఉప్పుగాలి తగులుతుంది. ఉప్పు చెమ్మను పట్టి వుంచుతుంది, తుప్పును ఎగదోస్తుంది. హైదరాబాదులో కొన్నేళ్ళకొకసారి రంగు వేస్తే సరిపోయే గొట్టానికి అక్కడ ఏటా చూసుకోవాల్సి వస్తుంది. ఉప్పు కర్రను అంతగా బాధించదు. మన జాలరుల తెప్పలూ పడవలూ తరతరాలుగా కర్రవే గదా. ఒడ్డున వుండేవాళ్ళకు, మంచి చేవకర్ర దొరికితే, కర్ర షెడ్డు తెలివితక్కువ పనేమీ కాదు. కాకపోతే మేకులూ బోల్టులూ జింకు పూత పట్టినవే వాడాలి. లేకపోతే కర్ర మిగులుతుంది, దాన్ని పట్టుకున్న ఇనుము పోతుంది.

ఇక గాలి. 1977 నవంబరు 19న దివిసీమ మీద విరుచుకుపడ్డ తుఫాను మన పెద్దవాళ్ళు మరచిపోలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్ని తాకినప్పుడు రేకులు కాగితాల్లా ఎగిరిన సంగతి మనలో చాలామంది కళ్ళారా చూశారు. షెడ్డు కూలుతుందని భయపడతాం గాని, గాలి చేసే పని ఎక్కువగా పైకి లాగడం. భవన నిర్మాణానికి వున్న భారత ప్రమాణాల్లో విశాఖపట్నం, విజయవాడలకు సెకనుకు 50 మీటర్లు, హైదరాబాదుకు 44 మీటర్లు గాలివేగంగా లెక్కలోకి తీసుకోమన్నారు. 50 మీటర్లంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగపు గాలి ఒత్తిడి చదరపు మీటరుకు దాదాపు 150 కిలోల బరువుతో సమానం. అరమిల్లీమీటరు రేకు చదరపు మీటరుకు తూగేది నాలుగు కిలోలు! షెడ్డు ఆకారాన్నిబట్టి, ఎన్ని పక్కల తెరిచి వుందన్నదాన్నిబట్టి ఈ లెక్క మారుతుంది గాని, పది అడుగులకు ఇరవై అడుగుల షెడ్డు కప్పు మీద రెండు మూడు టన్నుల లాగుడు పడవచ్చునని మాత్రం గుర్తుంచుకోండి.

కాబట్టి ఇనప షెడ్డు తేలిక అని సంబరపడటానికి లేదు. ఆ లాగుడును ఆపేది కింద పోసిన దిమ్మ బరువూ, పైనుంచి కింద వరకు వున్న బిగింపులూ. రేకును అడ్డగొట్టం పట్టుకోవాలి, అడ్డగొట్టాన్ని దూలం, దూలాన్ని గుంజ, గుంజను దిమ్మ. ఈ గొలుసులో ఏ ఒక్క లంకె వదులైనా అక్కడే తెగుతుంది. కర్ర షెడ్డులో ఇది ఇంకా ముఖ్యం. మేకులు కిందకు నొక్కే బరువుకు ఆగుతాయి గాని పైకి లాగితే ఊడివస్తాయి. వాసానికీ దూలానికీ మధ్య ఇనప పట్టీ వేసి బోల్టు బిగించమనండి. వడ్రంగి నొచ్చుకుంటాడు, "మా తాతలనాటి నుంచి కూసాలతోనే చేస్తున్నామమ్మా" అంటాడు. వాళ్ళ తాతలు వేసింది బరువైన పెంకుల కప్పు. మనం వేసేది రేకు.

ఎండ విషయానికి వస్తే, ఇక్కడ ఇబ్బంది గుంజలది కాదు, కప్పుది. స్టీలు గరిట పులుసులో వదిలేస్తే పిడి కాలుతుంది, చెక్క తెడ్డు కాలదు. ఆ తేడాయే ఇక్కడా. మే నెల మధ్యాహ్నం ఉత్త రేకు కింద కూర్చుని కుట్టే అమ్మాయి తల మీద పొయ్యి పెట్టుకుని కూర్చున్నట్టే. కారుకయితే పరవాలేదు, మనిషి కూర్చునే షెడ్డుకు రేకు కింద ఒక పొర వుండి తీరాలి. వెదురు తడిక అయినా, చెక్క పలకలయినా, మధ్యలో గాలి ఆడే జాగా వదిలి బిగించాలి. డబ్బు వెచ్చించగలిగితే నడుమ నురుగు నింపిన రేకులు దొరుకుతున్నాయి. కప్పు పది అడుగులకు తగ్గకుండా, పైన వేడిగాలి పోవడానికి రెండువైపులా సందు వుంచితే బాగా తేడా తెలుస్తుంది. రేకు పైన తెల్లరంగు వేసినా మేలే. సిమెంటు రేకులు చల్లగా వుంటాయని వేయిస్తుంటారు. రాతినార కలిసిన పాత రకం రేకుల్ని కోసినా, తొలిచినా, విరిచినా వచ్చే దుమ్ము ఊపిరితిత్తులకు చాలా హాని. ఆ దుమ్ము వల్ల క్యాన్సరు వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇంట్లో ఇప్పటికే వుంటే వాటి జోలికి పోకండి, కొత్తగా మాత్రం వేయించకండి.

వేడికి రేకు సాగుతుంది కూడా. ఇరవై అడుగుల రేకు తెల్లవారుజాము చలికీ మిట్టమధ్యాహ్నపు ఎండకీ మధ్య మూడు నాలుగు మిల్లీమీటర్లు పెరిగి తగ్గుతుంది. సాయంత్రం పూట షెడ్డులో టక్కు టక్కుమని వినిపించే చప్పుడు అదే, దయ్యమేమీ కాదు. రోజూ ఇలా కదిలి కదిలి స్క్రూ దగ్గర చిల్లు పెద్దదవుతుంది, కింది రబ్బరు బిళ్ళ చితికిపోతుంది, కారడం మొదలవుతుంది. చలికాలం ఉదయం వేళల్లో ఇంకొకటి జరుగుతుంది. చల్లబడ్డ రేకు అడుగున లోపలి తేమ నీటిబొట్లుగా మారి రాలుతుంది. కప్పు కారుతోందని తారు పూయిస్తారు పాపం! తడిక పొర వుంటే ఆ బొట్లు బట్టల మీద, అప్పడాల మీద పడవు.

కరెంటు గురించి చెప్పకపోతే ఈ ప్రసంగానికి అర్థం లేదు. కర్ర గుంజకు తీగ ఒరుసుకుని పైతొడుగు చిరిగితే తీగ చెడుతుంది. ఇనప గుంజకు ఒరుసుకుని చిరిగితే షెడ్డు మొత్తానికి కరెంటు పాకవచ్చు. తడి చేత్తో తలుపు పట్టుకున్న మనిషి ప్రాణం పోతుంది. బట్టలారేసే ఇనపతీగ ఆ గుంజకే కట్టి వుంటే మరీ ప్రమాదం. ఇనప షెడ్డు వేయిస్తే మూడు పనులు తప్పనిసరిగా చేయించండి. తీగలన్నీ ప్లాస్టిక్ గొట్టంలోంచి వెళ్ళాలి, ఇనుములో చిల్లు పెట్టి తీగ దూర్చినచోట రబ్బరు కమ్మీ వుండాలి. షెడ్డు చట్రానికి ఎర్తింగు కలపాలి. ఆ లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించాలి. మామూలు ఎం.సి.బి. వుందిగా అనుకోకండి. అది తీగలు వేడెక్కకుండా కాపాడేది. మనిషిని చంపడానికి చాలినంత చిన్న కరెంటు కారితే అది పట్టించుకోదు. ఆర్.సి.సి.బి. మీద చిన్న మీట వుంటుంది, నెలకోసారి నొక్కి చూడండి. టక్కున పడిపోవాలి. అది పడటం లేదంటే ఆ సాయంత్రమే ఎలక్ట్రీషియన్ని పిలవండి.

నిప్పు సంగతి రెండు మాటల్లో. కర్ర అంటుకుంటుంది, ఇనుము అంటుకోదు, నిజమే. అయితే లావుపాటి దూలం పైన బొగ్గు కట్టుకుంటూ నిమిషానికి ఒక మిల్లీమీటరు లోపే కాలుతుంది, లోపలి కర్ర చాలాసేపు బరువు మోస్తుంది. పల్చటి ఇనప గొట్టం అయిదారువందల డిగ్రీల వేడికి సగం బలం పోగొట్టుకుని వంగిపోతుంది. అందుచేత ఇనప షెడ్డు కదా అని గ్యాసు సిలిండరు, బట్టల మూటలు, కారు పెట్రోలు ఒకే కప్పు కింద పెట్టుకోవడం వద్దు. వంట చేయించే షెడ్డుకు ఎదురెదురుగా రెండు దారులుండాలి.

ఇంత విన్నాక, మరి మీరేం వేయించమంటారు అని అడుగుతారు. సముద్రానికి దూరంగా వున్న మన పట్టణాల్లో, హైదరాబాదు, వరంగల్లు, కర్నూలు, విజయవాడ ఎక్కడైనా సరే, గుంజలూ కప్పు చట్రమూ ఇనుముతోనే వేయించండి. మంచి కలప ఖరీదూ చెదా చూస్తే దానికి పోటీ లేదు. కానీ చేతికి తగిలేదీ ఒంటికి తగిలేదీ కర్రతో చేయించుకోండి. తలుపు, కిటికీ రెక్కలు, బల్లలు, అరలు, కప్పు కింద పొర. కత్తిరించే బల్ల ఇనుముదైతే కత్తెర అంచు పోతుంది. ఉప్పు, పులుపు తగిలే పచ్చళ్ళ గదిలో జాడీలు ఇనప అరల మీద పెడితే తుప్పు పడుతుంది. అయితే తినే పదార్థాలుండే చోట చెదమందు ఎక్కించిన కర్ర గాని, కాలిన ఇంజను ఆయిలు పూసిన కర్ర గాని రానివ్వకూడదు. ఒక్క కారు కోసమే అయితే ఇంత ఆలోచన అక్కర్లేదు, నాలుగు పక్కలా తెరిచిన ఇనప షెడ్డు చాలు, దిమ్మలు మాత్రం గట్టిగా పోయించండి.

పక్కింటి గోడకూ మీ షెడ్డుకూ మధ్య ఎంత జాగా వదలాలో, అనుమతి కావాలో వద్దో పని మొదలుపెట్టకముందే మునిసిపాలిటీలో కనుక్కోండి. చూరునీళ్ళు వాళ్ళ వాకిట్లో పడితే ఆ తగువు షెడ్డుకన్న ఎక్కువ కాలం వుంటుంది.

పనివాడితో మాట అయ్యాక ఒక తెల్లకాగితం మీద ఇవి రాయించి సంతకం పెట్టించుకోండి: గొట్టం కొలత, మందం మిల్లీమీటర్లలో, మొత్తం కిలోలు, రేకు మందం, దిమ్మ లోతూ వెడల్పూ, రంగు ఎప్పుడు ఎన్ని పూతలు. గేజి అని రాస్తే ఒప్పుకోవద్దు. మూడోవంతు డబ్బు చేతిలో వుంచుకోండి. పని అయిందన్న రోజున కాదు, మొదటి పెద్ద వాన కురిసిన మర్నాడు, గొడుగు పక్కన పెట్టి షెడ్డు నాలుగు మూలలా నిలబడి పైకి చూసి, కింద దిమ్మల చుట్టూ నీళ్ళెక్కడ నిలిచాయో చూసి, అప్పుడు ఆ డబ్బు ఇవ్వండి.